నాదీ, నౌసోరీ

దూరాన్ని కొలవడానికి ఒక్క మైలురాళ్లు చాలవు. కావలిస్తే ఫిజీ దీవుల పటం ముందేసుకుని చూడండి.

పసిఫిక్ మహాసముద్రంలో వీతిలేవు అనే దీవికి తూర్పున ఒక విమానాశ్రయం, పడమట ఒకటి. తూర్పుది నౌసోరి, రాజధాని సువాకు దగ్గర. పడమటిదాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మనం 'నాది' అని చదువుతాం. అక్కడివారు 'నాండి' అంటారు. వారి భాషలో డకారం రాస్తే చాలు, ముందు నకారం పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. తెలుగు పంతుళ్లకు ఇంతకన్న విందేముంది!

రెంటికీ ఆకాశమార్గాన సుమారు 120 కిలోమీటర్లు. చిన్న విమానం అరగంటలో దింపుతుంది. నేలమీద వెడదామంటే కొండలు అడ్డం. దక్షిణపు బాట సముద్రపుటొడ్డు పట్టుకుని చుట్టు తిరుగుతుంది. 200 కిలోమీటర్ల పైచిలుకు, నాలుగు గంటల పని. మా సంతోష్‌నగర్ నుంచి సాయంకాలపు రద్దీలో శంషాబాద్ చేరేలోగా అక్కడి విమానం ఒడ్డు మార్చి కాఫీ కూడా తాగిస్తుంది.

ఈ లెక్క మనకెందుకంటారా? ఆ రెండు ఊళ్లనూ పెంచింది చెరుకు. నౌసోరి మిల్లు 1882లో మొదలై 1959లో మూతపడింది. 1879 నుంచి 1916 వరకు 60 వేలమందికి పైగా భారతీయ కూలీలు ఒప్పందం మీద ఫిజీ వెళ్లారు. ఆ 'అగ్రిమెంటే' వారి నోట 'గిర్మిట్' అయింది. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలెక్కించారు. వారిలో మన తెలుగువారెందరో! పొగఓడ మీద ఇంచుమించు నెల ప్రయాణం. ఒప్పందం అయిదేళ్లు. కాని ఉచితంగా తిరిగి రావాలంటే పదేళ్లు ఉండాలి. అంటే పోవడానికి దూరం ఒక నెల, రావడానికి పదేళ్లు! చాలామంది రానేలేదు.

ఉండిపోయినవారు కౌలుకు చెరుకు వేశారు. అక్కడి నేలలో అత్యధికభాగం మూలవాసుల ఉమ్మడి సొత్తు, అమ్మకానికి లేదు. వారి నేల వారికి దక్కడం న్యాయమే. అయితే 1997 నుంచి కౌలు గడువులు తీరుతూ వచ్చాయి. తాతలనాటి నుంచి దున్నిన పొలం విడిచి ఎన్నో కుటుంబాలు పడమటినుంచి సువా, నౌసోరి దారిలోని గుడిసెవాడలకు చేరాయి. విమానానికి అది అరగంట దూరం. మంచమూ, గిన్నెలూ, పిల్లలతో బయలుదేరినవారికి ఎంత దూరమో!

నేడు సింగపూరు మీదుగా వెడితే హైదరాబాదు నుంచి గాలిలో గడిపేది పదిహేను గంటలు. 1941లో ఆంధ్ర సంఘం పెట్టుకున్నవారి మనుమలు ఇంట్లో మాట్లాడుకునేది చాలావరకు ఫిజీ హిందీ. పేర్లలో మాత్రం తెలుగు మిగిలింది.

ఏ ఊరికి ఎన్ని గంటలో టైంటేబిలు చూసి చెప్పవచ్చు. దున్నిన నేలను 'నాది' అనడానికి ఎన్ని తరాలు పడుతుందో అందులో ఎవరూ అచ్చువేయలేదు.