ఒక్క రాత్రి మద్దతు

మలేషియాలో మామాక్ టీకొట్లో టే తారిక్ ముందు పెట్టుకుని ఫుట్‌బాల్ మ్యాచ్ చూసే ప్రతివాడూ కోచే. గోల్ పడితే బల్ల దద్దరిల్లుతుంది; ఇంకో పావుగంటకి "వాణ్ణెందుకు దించాడు?" అని రుసరుస.

2010 డిసెంబరులో కోచ్ కె. రాజగోపాల్ నడిపిన మన జట్టు ఇండోనేషియాను బుకిత్ జలిల్‌లో 3-0తో చిత్తు చేసింది. జకార్తాలో 1-2తో ఓడినా ఆగ్నేయాసియా సుజుకి కప్ మనదే అయింది. అదే మొదటిసారి. ప్రభుత్వం ఏకంగా సెలవిచ్చింది! మూడేళ్లు తిరిగేసరికి ఆ పెద్దమనిషికి ఉద్వాసన. తర్వాత వచ్చిన దొల్లా సాలే ఒకప్పటి అభిమాన స్ట్రైకరే. 2015లో యూఏఈ చేతిలో 0-10 తర్వాత ఆ అభిమానం అక్కరకు రాలేదు, తప్పుకున్నాడు.

2024 జనవరిలో, ఆసియా కప్‌లో, అప్పటి మన కోచ్ కిమ్ పాన్‌గన్ శిష్యులు ఆయన సొంత దేశం దక్షిణ కొరియాను 3-3తో నిలువరించారు. 105వ నిమిషంలో సమం చేసిన గోల్! అంతకుముందు జోర్డాన్‌తో 0-4 ఓటమికి తిట్టినవాళ్లే ఆ రాత్రి చంకలు గుద్దుకున్నారు. జులైకల్లా కిమ్ వెళ్లిపోయాడు.

పూర్తి మద్దతు ఎవరికీ దొరకదు. దొరకాలనీ నేననుకోను; టికెట్టు కొన్నవాడికి సణిగే హక్కుంది. కానీ కోచ్‌కి కనీసం రెండేళ్లు ఇవ్వండి. తిట్లేమైనా మిగిలితే ఈలోపు మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.