కచేరీ విద్య యెవరి సొత్తు?

“గుమాస్తాగారు సెలవులో నున్నారు, సోమవారము రండి” అను మాట వినని రైతు తెలుగుదేశమున నరుదు. ఒక్క మనిషి సెలవు పెట్టినంతనే తహశీలుదారు కచేరీ మూగవోవుటకు కారణమేమి? దస్త్రము బీరువాలోనే యున్నది. కంప్యూటరు బల్లమీదనే యున్నది. లేనిది ఆ దస్త్రము నడచు త్రోవ యెరిగిన రెండవ మనిషి!

పూర్వము కరణములు గ్రామలెక్కలను గొలుసుకట్టు వ్రాతలో వ్రాసెడివారు. అది చదువనేర్చినవారు కొలదిమంది. తన పొలము సంగతి తా నెరుగుటకు రైతు కరణముగారి యరుగు క్రింద నిలువవలసి వచ్చెడిది. 1984 జనవరిలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కరణము, పట్వారీ పదవులను రద్దుచేసినది. కరణములందరును దోషులని మేమనము. ఊరి మట్టి నెల్ల నెరిగిన పెద్దలు వారిలో నుండిరి. వ్రాసి యుంచని వారి యెరుక వారితోడనే పోవుట మన నష్టము. కాని పదవి పోయినను పద్ధతి పోయినదా? నాటి గొలుసుకట్టు కాగితముమీద నుండెను. నేటి గొలుసుకట్టు గుమాస్తా నోట నున్నది.

దీనికి నిబంధనలు లేక కాదు. టాటెన్‌హాం దొర పేర పిలువబడు మద్రాసు రాజధాని కార్యాలయ పద్ధతి, ముఖ్యమైన ఉత్తరువులను స్టాకుఫైలులో కూర్చి యుంచవలెనని గుమాస్తాలను ఆదేశించినది. శిస్తు వసూలుకై పరాయిదొర గ్రహించిన యీ పాటి సత్యమును, ప్రజల మేలుకొరకు స్వరాజ్యము గ్రహింపలేదా? 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టములోని 4వ సెక్షను, ఉద్యోగులు పనిలో వాడు నియమములను, సూచనలను 120 దినములలో ప్రజలకు వెల్లడింపవలెనని శాసించినది. ఎన్ని కచేరీలలో నవి గోడకెక్కినవి?

నేర్పుటకు తీరిక లేదందురు. నేర్పనివాడు తన బరువును తానే జీవితాంతము మోయును. అసలు కారణము వేరు. తెలిసినది చెప్పివేసినచో తన్ను అడుగువా రుండరని పాతవాని జంకు, “ఇదియు తెలియదా?” యని నవ్వుదురని క్రొత్తవాని సిగ్గు. వ్రాసి పెట్టినవాడు తప్పునకు దొరకిపోవును. నోరు మెదపనివాని కే శిక్షయు లేదు. ఈ నేరము పై యధికారులది. ఈ మౌనమునుండియే లంచము పుట్టుచున్నది. దారి తెలియనివాడే కదా దళారిని వెదకుకొనును!

మేము కోరునది స్వల్పము. బదిలీ యైన యుద్యోగి తాళపుచెవులతోపాటు పని జరుగు తీరును గూడ వ్రాసి యప్పగింపవలెను. వారమున కొక యరగంట ఎల్లరును గూడి, తామెరిగిన చిక్కులను విప్పి చెప్పుకొనవలెను. ఏ పనికి ఏ కాగితము, ఏ బల్ల, ఎన్ని దినములో తేట తెనుగున గుమ్మముకడ వ్రేలాడదీయవలెను. పఠనమందిరములలో కూడు పౌరులు దీనిని హక్కుగా నడుగవలెను.

జీతము ప్రజలది. ఆ జీతముపై నేర్చిన విద్యయు ప్రజలదే.