‘చూద్దాంలే’ అంటే చూసినట్టు కాదు

మా ఇంటి పిల్లికి పన్నెండేళ్లు. 2023 వేసవిలో ఒకనాడు దాని వీపు నిమురుతుంటే చర్మం కింద బఠాణీ గింజంత గడ్డ వేలికి తగిలింది. వెంటనే ఇంట్లో మూడు అభిప్రాయాలు బయలుదేరాయి. “ముసలిదైంది, మామూలే. చూద్దాంలే” అన్నారు ఒకరు. “సున్నం రాయండి” అన్నారు మరొకరు. “క్యాన్సరే, ఇక ఆశ లేదు” అన్నారు మూడోవారు. గడ్డలో ఏముందో మాత్రం ముగ్గురిలో ఎవరూ చూడలేదు. నా అభ్యంతరం అక్కడే.

ఇలాంటి గడ్డకు కారణాలు అనేకం. పిల్లులు కాట్లాడుకున్నప్పుడు కోర దిగినచోట చీము పట్టవచ్చు. చర్మంలో తిత్తి ఏర్పడవచ్చు. కణాలు అదుపు తప్పి పెరిగి క్యాన్సర్ కూడా కావచ్చు. వీటిని కేవలం తడిమి కచ్చితంగా చెప్పటం పశువైద్యుడికి కూడా సాధ్యం కాదు.

కాని ఉపాయం ఉంది. సన్నని సూది గుచ్చి, కొన్ని కణాలు తీసి, గాజుపలక మీద పరచి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మీరు బడిలో ఉల్లిపొరను చూసే పద్ధతి లాంటిదే! అప్పటికీ తేలకపోతే చిన్న ముక్క కోసి పరీక్షిస్తారు.

తొందర దేనికంటారా? పిల్లి రొమ్ములో వచ్చే కంతుల్లో నూటికి 80కి పైగా క్యాన్సర్లే. అవి 2 సెంటీమీటర్ల లోపు ఉండగా తీసేస్తే, 3 సెంటీమీటర్లు దాటాక తీసినప్పటికన్నా పిల్లి సాధారణంగా ఎక్కువకాలం బతుకుతుంది.

ఇక సొంత వైద్యం. పిల్లి ఒళ్లు నాక్కునే జంతువు. పైన రాసింది పొట్టలోకి పోతుంది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి దాని ప్రాణం తీయగలదు. ఆ మందును హాని లేకుండా మార్చి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ.

“ముసలి పిల్లికి ఇంత ఖర్చా?” అనేవారున్నారు. పరీక్ష చేయిస్తే ఆపరేషన్ చేయించి తీరాలని లేదు. ఏమిటో తెలిస్తే, కనీసం బాధ తగ్గించే మార్గమైనా ఆలోచించవచ్చు.

మా పిల్లిది చివరకు ఉత్త తిత్తి అని తేలింది. “నేను ముందే చెప్పలేదూ!” అన్నారు మొదటివారు. చెప్పారు, నిజమే. కాని తెలిసి చెప్పలేదు. ఊహ నిజమైనంత మాత్రాన అది జ్ఞానం కాదు.

మీ ఇంటి పిల్లిని నెలకోసారైనా ఒళ్లంతా తడిమి చూడండి. గడ్డ తగిలితే స్కేలుతో కొలిచి, తేదీ వేసి రాసుకోండి. ఆ కాగితంతో, పిల్లితో పశువైద్యుని దగ్గరకు వెళ్లండి.