మన మాట మనమే వ్రాయవలెను

డిగ్రీ చివరి సంవత్సరము విద్యార్థులలో కొందరు ప్రతి ఏటా మేనేజిమెంటు విద్య కొరకు దరఖాస్తులు నింపుతూ ఉంటారు. పేరు, ఊరు, మార్కులు వ్రాసే గడులకు ఎవరూ వెరవరు. వాటి తరువాత ఒక ఖాళీ స్థలము ఉంటుంది. మీరెవరు, ఈ చదువు మీకెందుకు అని అది అడుగుతుంది. దానిని పర్సనల్ స్టేట్‌మెంట్ అనీ, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అనీ అంటున్నారు. స్వపరిచయ పత్రమని మేము వ్యవహరిస్తాము. పదిహేనేళ్ళు చదివిన మన విద్యార్థి కలము అక్కడికి వచ్చి ఆగిపోతున్నది. ఎందువలన ఆగుతున్నదో, తిరిగి ఎట్లు సాగగలదో ఆలోచించడమే ఈ వ్యాసము ఉద్దేశము.

మన చదువులో ఈ ప్రశ్న ఎన్నడూ ఎదురు కాలేదు. మన రెండు రాష్ట్రములలో ఎం.బి.ఏ. ప్రవేశమునకు వ్రాసే ఐసెట్ పరీక్షలో 200 ప్రశ్నలు ఉంటాయి. విశ్లేషణ శక్తి, గణిత శక్తి, భాషా శక్తి అందులో పరీక్షింపబడతాయి. విద్యార్థి జీవితమును గూర్చి ఒక్క ప్రశ్న కూడా ఉండదు. ఐ.ఐ.ఎం.ల ప్రవేశమునకు ఆధారమైన క్యాట్ పరీక్షలోనూ ఉండదు. ఆ మాట ఇంటర్వ్యూలో గాని రాదు. కాని 2001లో మన హైదరాబాదులోని గచ్చిబౌలిలో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వంటి విద్యాలయములు, విదేశములలోని పేరెన్నికగన్న విద్యాలయములు జీమ్యాట్ వంటి పరీక్ష మార్కులతో పాటు స్వహస్త వ్యాసములను కూడా కోరుతున్నవి.

ఆ ప్రశ్నలు ఎంత సరళముగా ఉంటాయో చూడండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విద్యాలయము చాలా ఏళ్ళుగా ఒకటే అడుగుతున్నది: మీకు అన్నిటి కంటె ముఖ్యమైనది ఏది, ఎందుకు? 1908లో స్థాపితమైన హార్వర్డ్ బిజినెస్ స్కూలు 2024లో తన పాత పెద్ద ప్రశ్నను తొలగించి మూడు చిన్న ప్రశ్నలు పెట్టినది. మీ అనుభవములు మీ వృత్తి నిర్ణయములను, ఆశయములను ఎట్లు మలచినవి, ఇతరులను నడిపించుటలో మీ అనుభవము ఏమి, మీ జిజ్ఞాస మిమ్ములను ఎట్లు పెంచినది అన్నవి వాటి సారాంశము. మొదటి దానికి 300 మాటలు, తక్కిన రెంటికి 250 చొప్పున హద్దు. 2023లో వచ్చిన జీమ్యాట్ కొత్త రూపములో, పూర్వము ఉండిన వ్యాసరచన భాగమును తీసివేశారు. కనుక కాగితముల కట్టలో అభ్యర్థి గొంతు వినిపించే చోటు ముఖ్యముగా ఈ పత్రమే.

ఇక మన విద్యార్థులు వ్రాసేది ఎట్లున్నది? మా వద్దకు దిద్దుటకు వచ్చే ముసాయిదాలలో అనేకము ఒకే అచ్చులో పోసినట్లు ఉంటున్నవి. మొదట ఒక మహాపురుషుని సూక్తి. తరువాత, బాల్యము నుండి నాకు వ్యాపార రంగమునందు మక్కువ అన్న వాక్యము. ఆ పిమ్మట నాయకత్వము, కష్టించు స్వభావము, కలుపుగోలుతనము అనే గుణముల జాబితా. చివర, మీ ప్రతిష్ఠాత్మక విద్యాలయములో చదువుట నా చిరకాల స్వప్నమని ముగింపు. పేరు కొట్టివేసి ఇంకొకరి పేరు వ్రాస్తే ఆ పత్రము వారికీ సరిపోతుంది. ఎవరికైనా సరిపోయే పత్రము ఎవరినీ పరిచయము చేయజాలదు.

ఇందుకు విద్యార్థిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. నమూనా పత్రములు అంగడి సరుకైనవి. రుసుము పుచ్చుకొని వ్రాసి ఇచ్చేవారు ఉన్నారు. నేడు రెండు మాటలు చెబితే కంప్యూటరే నిమిషములో నున్నని ఆంగ్లములో పత్రము తయారు చేసి ఇస్తున్నది. వ్యాకరణ దోషము చూపించుమని యంత్రమును అడగడములో మాకు అభ్యంతరము లేదు, విద్యాలయము నియమములు అనుమతిస్తే. కాని మన జీవితమును మనకు బదులుగా చెప్పుమని దానిని అడగడము వేరు. అది మనలను ఎరుగదు గనుక అందరికీ చెప్పేదే మనకూ చెబుతుంది. అరువు వాక్యములలో ప్రమాదము కూడా ఉన్నది. లాస్ ఏంజెలిస్‌లోని ఆండర్సన్ స్కూలు 2012లో 50 మందికి పైగా అభ్యర్థులను ఇతరుల వ్రాతలు ఎత్తి వ్రాశారన్న కారణముతో తిరస్కరించినది. పత్రము గట్టెక్కినా ఇంటర్వ్యూలో దానిలోని ప్రతి వాక్యమునకు జవాబు చెప్పవలసినది మనమే గదా!

దీని కంటె లోతైన చిక్కు మరొకటి ఉన్నది. మన కళాశాలకు వచ్చే పిల్లలలో చాలామంది ఇంటి సంగతి వ్రాయుటకు సిగ్గుపడుతున్నారు. తండ్రి పంక్చర్ దుకాణము, తల్లి కుట్టుపని, తాము సాయంకాలము కూర్చునే కిరాణా గల్లా పత్రములో చోటు చేసుకొనవు. వాటికి బదులు ఎన్నడూ మనసు పెట్టని క్విజ్ పోటీ, ఒక్కరోజు హాజరైన సెమినారు వచ్చి చేరుతున్నవి. ఇంకొందరు దీనికి పూర్తిగా విరుద్ధము. ఎవరో చెప్పిన సలహా విని పేదరికమునే సరుకుగా పరుస్తున్నారు. చదివేవారి కంట నీరు తెప్పిస్తే సీటు వస్తుందని వారి నమ్మకము. ఈ రెండూ పొరపాటే అని మా దృఢాభిప్రాయము. మొదటిది ఉన్నదానిని దాచడము. రెండవది గౌరవముగా చెప్పదగిన దానిని చేయి చాచి చెప్పడము.

ఒక ఉదాహరణ ఊహించుకొందాము. ఒక విద్యార్థిని తల్లి పాతబస్తీలో జర్దోజీ పని చేస్తున్నదనుకొనండి. చుట్టుపక్కల అయిదు ఇళ్ళ స్త్రీలకు బట్ట పంచడము, ఎవరు ఎంత కుట్టారో లెక్క వ్రాయడము, కార్ఖానాదారు నుండి కూలి రాబట్టడము ఈ అమ్మాయి బాధ్యత. పత్రములో ఆమె వ్రాసేది: నాలో నాయకత్వ లక్షణములు సమృద్ధిగా కలవు. ఇంటి పని మేనేజిమెంటు కాదని ఆమె తలపు. నిజమునకు ఆ విద్యాలయములలో చెప్పేది దీనినే. వర్కింగ్ క్యాపిటల్ అని వారి పుస్తకములలో ఒక అధ్యాయము ఉంటుంది. పెళ్ళిళ్ళ సీజను దాటేదాకా కార్ఖానాదారు కూలి చెల్లించకపోతే అయిదు ఇళ్ళ పొయ్యిలు ఎట్లు వెలగవలెనన్న చింతయే ఆ అధ్యాయములోని విషయము.

అట్లని ఆమె, మాది బీద కుటుంబము, ఎన్నో కష్టముల కోర్చి చదివితిని అని వ్రాస్తే సరిపోతుందా? సరిపోదు. కష్టము చాలామందికి ఉన్నది. ఆ కష్టములో ఆమె ఏమి ఆలోచించినది, ఏ నిర్ణయము తీసుకొన్నది అన్నదే చదివేవారికి కావలసినది. ఇట్లు వ్రాయవచ్చును: "కూలి నాలుగు వారములు ఆలస్యమైనది. అప్పు తెచ్చి అయిదు ఇళ్ళవారికీ సగము సగము ఇచ్చాము. ఆ పిమ్మట సగము కూలి ముందు ఇస్తేనే బట్ట తీసుకొందామని అమ్మను ఒప్పించాను. ముగ్గురు కార్ఖానాదారులలో ఇద్దరు మమ్ములను వదలివేశారు. ఒకరు నిలిచారు. పని తగ్గినది, బాకీ కూడా తగ్గినది. పనిని తిరిగి పెంచే మార్గము నాకు తెలియలేదు. అది నేర్చుకొనుటకే ఈ చదువు కోరుతున్నాను." ఇందులో గొప్ప పదము ఒక్కటీ లేదు. నాయకత్వము అన్న మాట రాలేదు, నాయకత్వము మాత్రము కనిపిస్తున్నది. పేదరికము అన్న మాట రాలేదు, ఇంటి స్థితి తెలియనే తెలిసినది. చివరి రెండు వాక్యములు మరీ ముఖ్యము. తెలియనిది ఏదో తెలిసినవానికే చదువు అవసరము.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. తన్ను గూర్చి తాను చెప్పుకొనడము మన సంస్కారమునకు విరుద్ధము గదా అని. ఉర్దూ తహజీబులో ఖాక్సారీ ఒక సుగుణము. తెలుగువారు ఆత్మస్తుతిని పరనింద పక్కన కూర్చోబెట్టారు. ఈ సంస్కారము మాకూ ప్రియమైనదే. అయితే స్తుతి వేరు, సాక్ష్యము వేరు. నేను సమర్థుడను అనడము స్తుతి. నేను ఈ పని చేశాను, ఫలితము ఇది, ఇక్కడ తప్పినాను అనడము సాక్ష్యము. సాక్షి తాను చూచినది మాత్రమే చెబుతాడు, పెంచడు, తగ్గించడు. వినయవంతునికి ఈ పద్ధతి సులభముగానే ఉండవలెను.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ఈ పత్రములు ఇంగ్లీషు మీడియము పిల్లలకు, సలహాదారులకు డబ్బు పోయగలిగిన ఇళ్ళకు అనుకూలము గదా అంటారు. అది చాలవరకు నిజము. కాదని చెప్పి మేము ఎవరినీ మభ్యపెట్టము. కాని కోచింగు కొనగలిగినవానికి పరీక్ష కూడా అనుకూలమే. ఒక్క తేడా ఉన్నది. పరీక్షలోని ప్రశ్న ఎవరో తయారు చేసినది, ఈ పత్రములోని విషయము మన ఇంట పుట్టినది. భాషను దిద్దే మనిషి దొరకవచ్చును. బ్రతుకును అరువు ఇచ్చే మనిషి ఎవరికీ దొరకడు.

కనుక వ్రాసే విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాము. మొదటి ముసాయిదా మీకు సహజమైన భాషలో, ఉర్దూలోనో తెలుగులోనో వ్రాయండి. ఇంగ్లీషు తరువాత చూచుకొనవచ్చును. మీర్జా గాలిబ్ తన ఉర్దూ లేఖలలో ఆనాటి బరువైన సంబోధనలను పక్కనబెట్టి ఎదుట కూర్చున్నవానితో మాట్లాడినట్లు వ్రాశాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవద్భాష కొరకు జీవితమంతా పోరాడారు. ఆ ఇద్దరి భాషలకూ వారసులమైన మనము దరఖాస్తు కాగితము ముందు మాత్రము చెక్కబొమ్మలము కావడము ఏమి?

రెండవది, పది సంగతులు పేర్చక ఒకటి రెండు సంఘటనలు తీసుకొనండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఎవరితో అన్న వివరములు ఇవ్వండి. మూడవది, ఈ చదువే ఎందుకు, ఇప్పుడే ఎందుకు, ఆ విద్యాలయమే ఎందుకు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉండవలెను. ఆ విద్యాలయములో ఏమి బోధిస్తారో చదవకుండా మూడవ దానికి జవాబు రాదు. ఒక విద్యాలయమునకు వ్రాసినది మరొక దానికి పంపుతూ పాత పేరు దిద్దుట మరచినవారు కూడా ఉన్నారు. లక్ష్యము చిన్నదైనా నిజమైనది చెప్పండి. ప్రపంచమును మార్చెదనన్న వాగ్దానము కంటె, మా ఊరి మిర్చి రైతులకు సరుకు నిలువ చేసే సంస్థ నడిపెదనన్న మాటకు విలువ ఎక్కువ. నాలుగవది, మాటల హద్దు దాటవద్దు. వ్రాసినది బిగ్గరగా చదవండి. మిమ్ములను బాగుగా ఎరిగినవారికి ఒకరికి, ఏమాత్రము ఎరుగనివారికి ఒకరికి చూపించండి. ఇది నీవు కాదు అని మొదటివారు, నాకు అర్థము కాలేదు అని రెండవవారు అంటే మరల కూర్చొనండి.

చివరగా కళాశాల కార్యవర్గమునకు ఒక విన్నపము. ఈ పని విద్యార్థి ఒంటరిగా, దరఖాస్తు గడువుకు ముందు రాత్రి చేసేది కాదు. రెండవ సంవత్సరము నుండే వారమునకు ఒక గంట ఇందుకై కేటాయించవలెను. ఆ గంటలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, వాణిజ్య శాఖల అధ్యాపకులు కలిసి కూర్చొనవలెను. మేము దిద్దుతాము గాని వ్రాసి ఇవ్వము అన్న నియమము గోడ మీద ఉండవలెను. అధ్యాపకులము ఇచ్చే సిఫారసు లేఖలు కూడా ఒకే అచ్చులో ఉంటున్నవన్న సంగతి మనము గమనించవలెను. విద్యార్థిని ఎరుగని లేఖ అతనికి మేలు చేయదు. కొన్ని విద్యాలయములు బీద అభ్యర్థులకు దరఖాస్తు రుసుము మినహాయిస్తున్నవి. ఆ వివరములు సేకరించి నోటీసు బోర్డు మీద పెట్టడానికి ఖర్చు ఏమీ కాదు.

ప్రవేశము దొరకడము, దొరకకపోవడము అనేక కారణముల మీద ఆధారపడి ఉంటుంది. ఎంత చక్కగా వ్రాసినా తిరస్కారము రావచ్చును. కాని ఇరవై ఏళ్ళ వయసున ఒకసారి కూర్చొని, నేను ఏమి చేశాను, ఏమి చేయగోరుతున్నాను అని నిజాయితీగా వ్రాసుకొన్న విద్యార్థికి ఆ శ్రమ వృథా పోదు. ఉద్యోగపు ఇంటర్వ్యూలోనూ, బ్యాంకు అప్పు అడిగేనాడూ, సొంత దుకాణము తెరిచేనాడూ అవే ప్రశ్నలు ఎదురవుతాయి. అందుచేత మన విద్యార్థులు ఈ సెలవులలోనే ఒక తెల్లకాగితము తీసుకొని, ఎవరి నమూనా చూడకుండా, ఆ జవాబు వ్రాయ మొదలుపెట్టవలెనని మా కోరిక.