బీమా బజారులో నష్టం ఎవరి పద్దులో?

వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై ఉన్న 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న తొలగిపోయింది. మూడు నెలలు తిరగకుండానే పార్లమెంటు బీమా చట్టాల సవరణను ఆమోదించి, ఈ రంగంలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడుల పరిమితిని 74 శాతం నుంచి 100 శాతానికి పెంచింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2047 నాటికి దేశంలో అందరికీ బీమా అందాలని లక్ష్యం పెట్టుకుంది. స్థూల దేశీయోత్పత్తితో పోలిస్తే బీమా ప్రీమియం 2023-24లో 3.7 శాతమే. ప్రపంచ సగటు 7 శాతం. ఈ అంతరాన్ని పూడ్చాలంటే పన్ను తగ్గాలి, పెట్టుబడి రావాలి అనే వాదనలో తప్పేమీ లేదు. అయితే బీమా విస్తరణ గురించిన ఈ హడావుడిలో ఒక పాత ప్రశ్న వెనకబడిపోతోంది. ఇప్పటికే అమ్ముడవుతున్న పాలసీల్లో కొన్నవారి అవసరానికి తగినవి ఎన్ని?

ఆర్థికశాస్త్రంలో బీమా గురించిన చర్చ చాలాకాలం దీనికి భిన్నమైన దిశలో సాగింది. వైద్య సేవల విపణి ఇతర విపణుల వంటిది ఎందుకు కాదో కెన్నెత్ ఆరో 1963లో వివరించారు. జార్జ్ అకెర్లాఫ్ 1970లో, పాత కార్ల అమ్మకాన్ని ఉదాహరణగా తీసుకుని రాసిన ప్రసిద్ధ పత్రంలోనే, 65 ఏళ్లు దాటిన వృద్ధులకు ఆరోగ్య బీమా దొరకడం ఎందుకు కష్టమో చెప్పారు. తన ఆరోగ్యం గురించి కొనేవాడికి తెలిసినంత కంపెనీకి తెలియదు. ప్రీమియం పెంచితే ఆరోగ్యవంతులు తప్పుకుంటారు, రోగులు మిగులుతారు, ప్రీమియం మళ్లీ పెంచాల్సి వస్తుంది. ఈ పరంపరలో అకెర్లాఫ్, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లకు 2001లో నోబెల్ పురస్కారం దక్కింది. మన దేశంలో కొత్తగా ఆరోగ్య పాలసీ తీసుకోవడానికి 65 ఏళ్లు అన్న వయోపరిమితి 2024 ఏప్రిల్‌లో తొలగిందంటే, దాని వెనుక ఉన్నది ఈ చిక్కే.

జీవిత బీమా దగ్గరికి వచ్చేసరికి సమాచారలోపం తిరగబడుతుంది. ఇక్కడ తెలియనివాడు కొనేవాడు, తెలిసినవాడు అమ్మేవాడు. పైగా కొనేవాడికి సలహా ఇచ్చేదీ అమ్మేవాడే.

సాంతోష్ అనగోల్, షాన్ కోల్, షాయక్ సర్కార్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ పరిస్థితిని మన దేశంలోనే పరీక్షించి చూశారు. ముందుగా తర్ఫీదు ఇచ్చిన వ్యక్తులను ఖాతాదారులుగా జీవిత బీమా ఏజెంట్ల వద్దకు పంపి, వారు ఏ పాలసీ తీసుకోమంటున్నారో నమోదు చేశారు. ఆ ఖాతాదారుల్లో కొందరికి కావలసింది కేవలం రక్షణ, అంటే తాము మరణిస్తే కుటుంబానికి అందే సొమ్ము. అందుకు తగినది టర్మ్ పాలసీ. తక్కువ ప్రీమియంతో టర్మ్ పాలసీ తీసుకుని మిగిలిన డబ్బును బ్యాంకులో దాచుకున్నా, పొదుపుతో కలిపిన పాలసీ కన్నా ఎక్కువ ముడుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. అయినా 60 నుంచి 80 శాతం సందర్భాల్లో ఏజెంట్లు సిఫారసు చేసింది అధిక కమీషన్ వచ్చే ఆ రెండో రకం పాలసీనే. టర్మ్ పాలసీయే కావాలని నోరు తెరిచి అడిగినవారికి కొంత మెరుగైన సలహా దొరికింది కానీ, వారిలోనూ ఎక్కువమందికి తప్పుడు సలహాయే ఎదురైంది. విషయం తెలిసినట్టు మాట్లాడినవారికి కాస్త మంచి సలహా, తెలియనివారికి వారి అపోహలకే వంత పాడటం! సలహా ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందలేదన్నమాట.

ఇందులో ఏజెంటును దుర్మార్గుడిగా చూడనక్కర్లేదు. లెక్క చూస్తే చాలు. మొదటి ఏడాది కమీషన్ 35 శాతం అనుకుందాం. ఏడాదికి 50 వేల రూపాయల ప్రీమియం ఉన్న ఎండోమెంట్ పాలసీ అమ్మితే ఏజెంటుకు 17,500 రూపాయలు వస్తాయి. 10 వేల ప్రీమియం ఉన్న టర్మ్ పాలసీ అమ్మితే 3,500. గడప తొక్కడానికి, ఒప్పించడానికి, కాగితాలు పూర్తి చేయించడానికి పట్టే శ్రమ రెండింటికీ ఒక్కటే. మన చట్టం కూడా ఈ లెక్కకే ఊతమిచ్చింది. 1938 నాటి బీమా చట్టంలోని 40-ఎ సెక్షన్ మొదటి ఏడాది కమీషన్‌ను 35 నుంచి 40 శాతం దాకా అనుమతించి, రెండు, మూడో సంవత్సరాల్లో 7.5 శాతానికి, ఆ తర్వాత 5 శాతానికి పరిమితం చేసింది. ఏజెంటు దృష్టిలో పాలసీ విలువంతా మొదటి చెక్కులోనే ఉంటే, పదో ఏట అది నడుస్తోందా మురిగిపోయిందా అన్నది అతనికి పెద్ద పట్టింపు కాదు.

పాలసీదారుకు మాత్రం అదే అసలు విషయం. చిన్న ఉద్యోగమో, వ్యాపారమో చేసుకునే మనిషి 20 ఏళ్ల పాలసీకి ఒప్పుకుని, రెండేళ్లు కట్టి, ఇంట్లో పెళ్లో జబ్బో వచ్చి మూడో ఏడు ఆపేస్తాడు. నిన్నమొన్నటి దాకా ఉన్న నిబంధనల ప్రకారం మొదటి ఏడాది ప్రీమియం మాత్రమే కట్టి ఆపేస్తే తిరిగి వచ్చేది ఏమీ లేదు. రెండేళ్లు కట్టినవారికి హామీ ఉన్నది కట్టినదాంట్లో 30 శాతానికే. మిగిలింది కమీషన్ కిందా, ఇతర ఖర్చుల కిందా, కంపెనీ లాభం కిందా పోతుంది. మోనికా హలన్, రేణుక సానే, సుసాన్ థామస్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఈ నష్టాన్ని దేశవ్యాప్తంగా అంచనా వేశారు. 2004-05 నుంచి 2011-12 వరకు, అవసరం లేని పాలసీలు కొని మధ్యలో వదిలేయడం వల్ల మదుపరులు పోగొట్టుకున్నది సుమారు లక్షన్నర కోట్ల రూపాయలని తేల్చారు. ఈనాటికీ చాలా కంపెనీల్లో ఐదేళ్లు నిండేసరికి కొనసాగుతున్న పాలసీలు సగానికి అటూ ఇటూగానే ఉంటున్నాయి.

వెల్లడి సరిపోలేదు

ఏజెంటు కమీషన్ ఎంతో కొనేవాడికి చెప్పేస్తే సరిపోతుందని చాలామంది నమ్మారు. ఇది ఖర్చులేని పరిష్కారం కనుక ప్రభుత్వాలకూ ఇష్టమే. షేర్ మార్కెట్‌తో ముడిపడిన యులిప్ పాలసీలపై సెబీ, అప్పటి ఐఆర్‌డీఏ బాహాటంగా తలపడిన 2010లో ఈ ప్రయోగం మన దగ్గర జరిగింది. ఆ ఏడాది జులై నుంచి యులిప్‌ల మీద కమీషన్‌ను ఖాతాదారుకు తెలియజేయాల్సి వచ్చింది. మిగిలిన పాలసీలకు ఆ నియమం లేదు. అనగోల్ బృందం గమనించిన ఫలితం ఆశ్చర్యం కలిగించదు. ఏజెంట్లు యులిప్ మాట తగ్గించి, కమీషన్ అంతకన్నా ఎక్కువగా ఉండి చెప్పాల్సిన పని లేని సంప్రదాయ పాలసీల వైపు మళ్లారు. సెప్టెంబరు నుంచి యులిప్ ఛార్జీలపైనా పరిమితులు వచ్చాక ఆ మళ్లింపు మరింత ఊపందుకుంది. ఒక పాలసీని కట్టడి చేస్తే డబ్బు పక్క పాలసీలోకి పారింది.

ఇంకో నిబంధన గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం ఏజెంటు తన కమీషన్‌లో భాగాన్ని ఖాతాదారుకు తిరిగి ఇవ్వడం నేరం. మొదటి ప్రీమియం ఏజెంటే కట్టిన ఉదంతాలు ఎన్ని విన్నామో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. అమలు సంగతి పక్కన పెడితే, ఏ ఇతర వ్యాపారంలోనైనా పోటీ పెరిగితే అమ్మకందారు లాభం తగ్గి ధర దిగివస్తుంది. ఇక్కడ ఆ దారిని చట్టమే మూసింది. కాబట్టి కంపెనీల మధ్య పోటీ కొనేవాడి కోసం కాకుండా, ఎక్కువ కమీషన్ ఇచ్చి అమ్మకందారును తమవైపు తిప్పుకోవడం కోసం సాగుతుంది. బ్యాంకుల విషయంలో ఇది మరీ స్పష్టం. ఢిల్లీ బ్యాంకు శాఖలకు మారువేషంలో ఖాతాదారులను పంపి హలన్, సానే చేసిన మరో అధ్యయనంలో, పన్ను ఆదా పెట్టుబడి కావాలని అడిగినవారికి ప్రైవేటు బ్యాంకులు బీమానూ, ప్రభుత్వ బ్యాంకులు తమ డిపాజిట్లనూ చూపించాయి. ఎవరి లక్ష్యం వారిది.

2024లో మారింది ఏమిటి

ఈ నేపథ్యంలో నియంత్రణ సంస్థ ఇటీవలి నిర్ణయాలు ఒకదానికొకటి ఎదురు నడిచాయి. 2023 ఏప్రిల్‌లో పాలసీ రకాన్ని బట్టి ఉన్న కమీషన్ పరిమితులను ఎత్తివేసి, కంపెనీ మొత్తం నిర్వహణ వ్యయానికి మాత్రమే గీత గీసింది. ఆ గీత లోపల ఎవరికెంత ఇవ్వాలో కంపెనీ బోర్డు ఇష్టం. 2024-25లో జీవిత బీమా సంస్థల కమీషన్ వ్యయం ప్రీమియం ఆదాయం కన్నా వేగంగా పెరిగింది.

రెండో నిర్ణయం 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టినవారికి సైతం, మానుకుంటే ప్రత్యేక సరెండర్ విలువ చెల్లించాలన్నది దాని సారం. కంపెనీలు గట్టిగానే వ్యతిరేకించాయి. 2023 డిసెంబరులో వెలువడిన తొలి ముసాయిదా కంటే ఆ తర్వాతి మార్చిలో వచ్చిన నిబంధనలు మెత్తబడ్డాయి కూడా. జూన్‌లో జారీ చేసిన సర్క్యులర్‌తో సంస్థ మళ్లీ గట్టిపడింది. అమలు మొదలైన నెలలోనే 14 లక్షలకు పైగా ఏజెంట్లున్న ఎల్ఐసీ తన మొదటి ఏడాది కమీషన్‌ను 35 నుంచి 28 శాతానికి తగ్గించి, తర్వాతి సంవత్సరాల కమీషన్‌ను 5 నుంచి 7.5 శాతానికి పెంచింది. ఏజెంట్లు నిరసన తెలిపారు.

వెల్లడి నిబంధన సాధించలేని పనిని ఇది సాధించింది. ఈ నిబంధన కమీషన్‌ను తాకనే లేదు. పాలసీ ఆగిపోతే కలిగే నష్టంలో కొంత భాగాన్ని ఖాతాదారు జేబులోంచి తీసి కంపెనీ పద్దులో వేసింది, అంతే. తొలి ఏడాదే భారీగా చెల్లించి పాలసీ నిలవకపోతే తనకే నష్టం కనుక, కంపెనీ తనంతట తాను కమీషన్‌ను తర్వాతి సంవత్సరాల్లోకి జరిపింది.

ఏజెంట్ల గోడు పూర్తిగా అన్యాయమైనదేమీ కాదు. కుటుంబంలో మరణం సంభవించినప్పుడు క్లెయిమ్ కాగితాలు పట్టుకుని తిరిగేది చాలా ఊళ్లలో వారే. బీమాను జనం వెళ్లి కొనరు, ఎవరో వచ్చి అమ్మాలి అన్నది ఈ వృత్తిలో అందరూ చెప్పే మాట, అందులో నిజం ఉంది. బ్రిటన్ 2012 డిసెంబరు 31 నుంచి పెట్టుబడి సలహాపై కమీషన్‌ను పూర్తిగా నిషేధించింది. ఫీజు చెల్లించే స్తోమత లేనివారికి సలహాయే అందకుండా పోయిందన్న విమర్శ అక్కడ బలంగా వినిపించింది. మన దగ్గరా 2009లో స్వరూప్ కమిటీ కమీషన్లను ఎత్తివేయాలంది. సుమిత్ బోస్ కమిటీ 2015లో ఆచరణకు దగ్గరగా ఉన్న సూచన చేసింది. పొదుపుతో కూడిన పాలసీలకు ముందస్తు కమీషన్ ఉండరాదు, పాలసీ నడిచినంత కాలం కొద్దికొద్దిగా ఇవ్వాలి, కేవలం రక్షణ కోసం కొనే పాలసీలకు మాత్రం ముందే ఇవ్వవచ్చు అని. అది అమలు కాకపోవడానికి కారణం వాదనలో బలహీనత కాదు, అమ్మకాలు పడిపోతాయన్న భయం.

2025 సవరణ చట్టం అక్రమంగా ఆర్జించిన లాభాన్ని తిరిగి రాబట్టే అధికారాన్ని ఐఆర్‌డీఏఐకి ఇచ్చింది. అయితే తప్పుడు సిఫారసును ఒక్కొక్కటిగా రుజువు చేయడం కష్టం. నాలుగు గోడల మధ్య జరిగిన సంభాషణకు సాక్ష్యం ఉండదు. ఎన్ని పాలసీలు మధ్యలో ఆగాయన్నది మాత్రం కంపెనీ పుస్తకాల్లోనే ఉంటుంది. ఆ అంకెలను కంపెనీ మొత్తానికి కలిపి కాకుండా ఏ బ్యాంకు అమ్మినవి ఎన్ని, ఏ బ్రోకరు అమ్మినవి ఎన్ని అని విడదీసి ప్రకటించమంటే, ఎవరి సలహా ఎలాంటిదో బయటపడుతుంది. 2024 అక్టోబరు తర్వాత అమ్మిన పాలసీల్లో 13వ నెలలో, 25వ నెలలో నిలిచినవి ఎన్నో ఇకపై వెలువడే లెక్కల్లో తెలుస్తుంది. సరెండర్ నిబంధనను సడలించమని కంపెనీలు మళ్లీ అడిగినా, మరింత బిగించమని పాలసీదారులు కోరినా, ఇరుపక్షాలూ చూపించాల్సింది ఆ రెండు అంకెలనే.