రాయికర్ర కోసం సిరొంచ దాకా

పోయిన నెల మాటిచ్చినట్టే ఈసారి రాయికర్ర సంగతి. మన లైన్లలో ఈమధ్య చాలామంది మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. చెట్టు నిజంగా రాయి అవుతుందా? అయితే మన యాపలదిన్ని చుట్టుపక్కల దొరుకుతుందా? దొరికితే ఎంతకు పోతుంది? మూడోది అడిగేటప్పుడు గొంతు తగ్గిస్తున్నారు గానీ అసలు ప్రశ్న అదేనని నాకు తెలుసు. సీజన్ అయిపోయి మిల్లు ఆగింది. బళ్ళు తెరిచే రోజులు. అడగడంలో తప్పేం లేదు.

మొదటిదానికి జవాబు మన బాయిలర్ దగ్గరే ఉంది. రోజూ ఊక తగలబెడతాం కదా, బయటికి లాగిన బూడిదను ఎప్పుడన్నా చేతిలోకి తీసుకుని చూశారా? మంట పోయినా ఊక ఆకారం పోదు. గింజ తొడుగు తొడుగులాగే ఉంటుంది, నలిపితే గానీ పొడి కాదు. కట్టెలు కాలిస్తే గంపెడు కట్టెలకు గుప్పెడు బూడిద. ఊక అట్లా కాదు, బరువులో ఐదో వంతు దాకా బూడిదే మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి 85 పాళ్ళకు పైగా సిలికా, అంటే ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థమే. వరి మొక్క మడిలో నీళ్ళతో పాటు కరిగిన సిలికాను వేళ్ళతో తాగి గింజ పైపొట్టులో దాచుకుంటుంది. ఊక పోయే పైపులు ఊరికే బొక్కలు పడేది, ఫిట్టర్లు తిట్టుకునేది అందుకే.

వరి బతికుండగా చేసే పని, రాయికర్రలో చెట్టు చచ్చాక జరుగుతుంది. వరద వచ్చి చెట్లను పడగొట్టి మోసుకుపోయి ఇసుకలో, ఒండ్రులో పూడ్చిందనుకోండి. గాలి తగలదు కాబట్టి తొందరగా కుళ్ళదు. చుట్టూ ఊరే నీళ్ళలో కరిగి ఉన్న సిలికా ఆ కర్రలోకి దిగుతుంది. కర్ర అంటే కంటికి కనపడనంత చిన్న గదుల వరుసలే. ఒక్కో గదిలో, గోడలో సిలికా పేరుకుంటూ పోతుంది. చివరికి కర్ర పోయి రాయి మిగులుతుంది, గదుల లెక్క మాత్రం అట్లాగే ఉంటుంది. బాయిలర్ ట్యూబుల్లో కట్టే పొలుసు గీకినవాళ్ళకు, నీళ్ళు రాయిని మోసుకొస్తాయని వేరే చెప్పక్కర్లేదు.

రెండోదానికి జవాబు చాలామందికి నచ్చదు. మన ఊరి పేరులో యాపచెట్టుంది గానీ మన నేలలో రాయికర్ర లేదు. రాయచూరు జిల్లాలో మనం చూసే గుండ్లు, గుట్టలు ఎక్కువగా గ్రానైటు జాతివి, 250 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ వయసున్నవి. భూమి మీద చెట్టన్నది పుట్టి 40 కోట్ల ఏళ్ళు కూడా కాలేదు. చెట్టే లేని కాలపు రాయిలో చెట్టు ఎట్లా దొరుకుతుంది? పిల్లలు కర్ర అనుకుని తెచ్చినవన్నీ గీతలున్న రాళ్ళు. కృష్ణ ఇసుకలో దొరికే తేనెరంగు గులకరాళ్ళు మాత్రం మంచివే. అవి అగేటు రాళ్ళు. పైన మహారాష్ట్రలోని నల్లరాతి నేలల నుంచి నది దొర్లించుకొచ్చింది. వాటిలోనూ ఉండేది సిలికానే.

అసలుదాన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. గీతల రాయిని ఏ పక్క నుంచి చూసినా పట్టీలే కనపడతాయి. రాయికర్రకు రెండు ముఖాలుంటాయి: పక్కనుంచి చూస్తే నార, కోత వైపు చూస్తే వలయాలు. వడ్రంగి పని తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. చాకు మొనతో గీస్తే గీత పడదు, పైగా అదే గాజును గీస్తుంది. భూతద్దం పెడితే సన్నని గదులు కనపడొచ్చు.

మరి ఎక్కడుంది? తమిళనాడులో విల్లుపురం దగ్గర తిరువక్కరైలో 2 కోట్ల ఏళ్ళ నాటి దుంగలున్నాయి, భూగర్భ సర్వే వాళ్ళు కాపాడుతున్నారు. నేను చూసింది మాత్రం మన భాష మాట్లాడే చోటే, ప్రాణహిత అవతలి ఒడ్డున. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర, బజార్లో మాట తెలుగు. కాగజ్‌నగర్‌లో మా అక్క బిడ్డ పెండ్లికి పోయి, రెండు రోజులు మిగిలితే చెన్నూరు మీదుగా నది దాటి సిరొంచ పోయినం. వెంట మా చెల్లెలి కొడుకు. మన మిల్లులోనే బదిలీ హమాలీ. పట్నంలో తోటల సామాన్లు అమ్మే ఒకాయన రాయికర్ర తెస్తే కిలోకు 30 రూపాయలు ఇస్తానని వీనికి చెప్పిండట. రెండు గోనెసంచులు మడిచి బ్యాగులో పెట్టుకున్న సంగతి నాకు సిరొంచలో దిగినంక తెలిసింది.

సిరొంచ దగ్గర వడధం అనే ఊరి వద్ద అటవీశాఖ వాళ్ళు శిలాజాల పార్కు పెట్టారు. పార్కు అంటే పూలమొక్కలు ఊహించుకోకండి. ఎర్రమట్టి, టేకు చెట్లు, మధ్యలో పడి ఉన్న దుంగలు. దూరం నుంచి చూస్తే ఎవరో కలప కోసి లారీ కోసం పెట్టినట్టే ఉంటుంది. బెరడు గీతలున్నాయి, కొమ్మ విరిగిన చోట కణుపు ఉంది. చెయ్యి పెడితే మాత్రం చల్లగా రాయి. అడ్డంగా విరిగిన ముక్కలు రంపంతో కోసినంత తిన్నగా ఉన్నాయి. జురాసిక్ కాలం నాటివి, సుమారు 17, 18 కోట్ల ఏళ్ళ కిందటివి. అప్పటికి పువ్వు పూసే చెట్టే భూమ్మీద లేదు. యాప లేదు, చింత లేదు, గడ్డిపోచ కూడా లేదు. ఇవి సరుగుడులాగా, దేవదారులాగా కనపడే జాతి చెట్లు (సరుగుడు పువ్వు పూసేదే, పోలిక ఆకారానికే).

కాపలాదారు తెలుగాయనే. "చూస్కోండి, ఫోటో తీస్కోండి, ముట్టుకున్నా ఏమనం. ఎత్కపోవద్దు, అంతే" అన్నాడు. మా వాని బ్యాగు వైపు చూసి ఇంకేం అనలేదు.

ఎందుకు ఎత్తుకుపోవద్దో చెప్పడానికి పక్కనే ఇంకో కథ ఉంది. 1960 ప్రాంతంలో అదే సిరొంచ వైపు పోచంపల్లి అనే ఊరి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు రాక్షసబల్లి ఎముకలు తవ్వారు. దగ్గరదగ్గర 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. ఒక తొడ ఎముకే మనిషంత పొడవు. బెంగాలీలో 'పెద్ద కాలు' అనే అర్థం వచ్చేటట్టు, రవీంద్రనాథ్ టాగూర్ పేరు కలిపి 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. కలకత్తాలో ఆ అస్థిపంజరం నిలబెట్టారు. ఇప్పుడు అసలు మాట వినండి. ఆ ఎముకలు పెద్దపెద్ద రాయికర్ర దుంగలతో కలిసి దొరికాయి. జంతువులు, చెట్లు ఒకే చోట కుప్పబడి ఉన్నాయి కాబట్టే, ఒక మంద వరదలో చిక్కి చచ్చి ఉంటుందని అనుకోగలిగారు. ముందే ఎవరన్నా దుంగలు ఏరుకుని అమ్ముకుని ఉంటే ఎముకలు దొరికేవేమో, వరద కథ మాత్రం దొరికేది కాదు.

ఇటు ఒడ్డున యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకో రాక్షసబల్లి కోటసారస్ హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. సెలవుల్లో పట్నం పోతే పిల్లలకు చూపించండి, కలకత్తా దాకా పోనక్కర్లేదు.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో రాయికర్రల పెద్ద నేషనల్ పార్కు ఒకటుంది. అక్కడ దొంగతనంగా జేబులో వేసుకున్న ముక్కలను కొందరు ఏళ్ళ తర్వాత పోస్టులో వాపసు పంపుతారు, క్షమించమని ఉత్తరం పెట్టి. పార్కు వాళ్ళు వాటిని తిరిగి లోపల పెట్టలేరు. ఏది ఎక్కడిదో ఎవరికి తెలుసు? అందుకని బయట ఒక కుప్పగా పోశారు. అట్లాగని ఆ దేశంలో ఏరుకోవడం పూర్తిగా కూడదని కాదు. కొన్ని ప్రభుత్వ భూముల్లో మనిషికి రోజుకు 25 పౌండ్లు, అంటే 11 కిలోలకు పైన, సొంతానికి ఏరుకోనిస్తారు. అమ్ముకోనివ్వరు. మన దగ్గరా అట్లాంటి లెక్క ఒకటి పెడితే బాగుంటుందని నాకనిపిస్తుంది. ఇప్పటికైతే 1927 అటవీ చట్టం లెక్కలో అడవిలోని రాయి, మట్టి కూడా అటవీ ఉత్పత్తే. రిజర్వు అడవిలో నుంచి అనుమతి లేకుండా తీస్తే కేసు.

ఇదంతా ఆ చెట్ల కిందే కూర్చుని మా వానికి చెప్పినా. ఓపికగా విన్నాడు. విని, "మామా, వాళ్ళకు కథ గావాలె, నాకు పిల్లగాని ఫీజు గావాలె" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. వాడన్నది అబద్ధం కాదు కదా. కాకపోతే లెక్క మాత్రం వేసి చూపించినా. రెండు సంచులు, క్వింటాలు అనుకో, 3000. ఇంత దూరం మోసుకొచ్చే ఖర్చు పోతే చేతికి వచ్చేదెంత? అదే రాయిని కోసి, నునుపు పట్టి, ముక్కకు వెయ్యో రెండువేలో అమ్ముకునేది అంగడాయన. వడ్లు పండించినోనికి ఒక ధర, సంచి మీద ఇంకో ధర, మనకు తెలియని సంగతా? దారిలో పట్టుబడితే స్టేషన్లో కూర్చునేది సంచి మోసినోడే. అంగడాయన పేరు కూడా బయటికి రాదు.

వాడేం మాట్లాడలేదు. సంచులు బ్యాగులోనే ఉండిపోయాయి. కాగజ్‌నగర్ చేరేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. రాత్రి మా అక్కకు సంగతి తెలిసి, పెండ్లి ఖర్చుల్లో మిగిలినదాంట్లో నుంచి ఫీజుకు సగం ఇచ్చింది. మిగతా సగం ఇంకా బాకీనే ఉంది. మన లైన్ల చీటీలో ఈ నెల పాట వానికే వదిలేస్తారా అని నలుగురిని అడుగుతున్నా, ఇది చదివే మిమ్మల్ని కూడా.

రాళ్ళు ఏరే సరదా ఉన్న పిల్లలను మాత్రం ఆపకండి. కొత్త ఇళ్ళ ముందు పోసిన ఇసుక, కంకర కుప్పల్లో ఎంత వెతికినా ఎవరికీ నష్టం లేదు, ఇంటివాళ్ళను ఒక మాట అడిగితే చాలు. ఒక్కటే పని చెయ్యాలి: ప్రతి రాయికీ ఒక చీటీ. ఏ కుప్పలో దొరికింది, ఆ ఇసుక ఏ వాగుదో నదిదో లారీ డ్రైవర్ను అడిగి రాయించండి, తేదీ వెయ్యండి. వచ్చే ఆదివారం పొద్దున పది నుంచి కాటా గది అరుగు మీద భూతద్దం పెట్టుకుని కూర్చుంటాను. మరీ పెద్ద రాళ్ళయితే పిల్లలతో మోయించకండి, ఎక్కడున్నాయో చెబితే నేనే వచ్చి చూస్తాను.