ధూమకేతువును చూచు కన్ను

తోకచుక్క పొడిచినదను వార్త వినబడగానే మన పట్టణములలో రెండు ప్రశ్నలు పుట్టుచుండును. "దేశమున కేమి కీడు మూడునో?" యనునది మొదటిది. "అది యెక్కడ? మా కేమియు కానరాదే!" యనునది రెండవది. మొదటిదానికి కారణము భయము. రెండవదానికి కారణము అలవాటు లేమి. భయమును గూర్చి మన పెద్దలు చాల వ్రాసిరి. ఇప్పుడు మనలను ఎక్కువగా బాధింపవలసినది రెండవదియే యని మా యభిప్రాయము.

భయము మన యొక్కరి సొత్తు కాదు. 1910లో హేలీ ధూమకేతువు వచ్చినపుడు దాని తోకలో సైనోజెన్ అను విషవాయువు గలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. భూమి ఆ తోకగుండ పోవునని విని నాగరకతకు పేరుమోసిన దేశములలోనే జనులు తల్లడిల్లిరి. అమెరికాలో తోకచుక్క మాత్రలమ్మి సొమ్ము చేసికొన్నవారును గలరు. ఆ దినము వచ్చినది, పోయినది. ఎవ్వరికి నేమియు కాలేదు. ఆ వాయువు అంత పలుచనిది. ఆ మే నెలలోనే ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి మరణింపగా అదియు తోకచుక్క మహిమయే యనుకొన్నవారు లేకపోలేదు. చక్రవర్తి పోయెను గాని సామ్రాజ్యము పోలేదు. దానిని తొలగించుటకు మరి 37 సంవత్సరముల ప్రజోద్యమము కావలసివచ్చెను. చుక్క చేయని పనిని జనులు చేసిరి. ఈ సత్యము నెరిగియే కాబోలు, గురజాడ అప్పారావుగారు ఆ 1910లోనే 'ముత్యాల సరములు'లో ఆ చుక్కను కీడునకు గాక సంఘసంస్కారమునకు సూచనగా దర్శించిరి.

ఇక చూచుట సంగతి. ధూమకేతువు మంచును ధూళియు కలిసిన గడ్డ. సూర్యుని సమీపించినకొలది ఆ మంచు ఆవిరియై ధూళిని వెంటగొని చుట్టును పొగవలె క్రమ్మును. తరువాత తోక సూర్యునికి పెడగా సాగును. కావున దుర్భిణిలో తొలుత కనబడునది తోక గాదు, ఒక మసక మరక. అట్టి మరకలు ఆకసమున ననేకములు గలవు. నేటి మరక రేపటికి చుక్కల నడుమ జరిగియున్నచో అది ధూమకేతువు కావచ్చును, కదలకున్నచో కాదు. ఫ్రాన్సు దేశీయుడగు మెస్సియే ధూమకేతువులను వెదకుచు, కదలని మరకలచే మోసపోయి, ఇతరులైనను మోసపోకుండుటకై వాని కొక పట్టిక వ్రాసెను. క్రొత్తదానిని గుర్తింపగోరువాడు పాతవానిని చక్కగా నెరిగియుండవలెను. ఇందలి రహస్యమంతయు నింతే.

హేలీ తాను లెక్కించి చెప్పిన చుక్క మరలివచ్చుటను చూడకయే 1742లో గతించెను. 1758 డిసెంబరు 25వ తేదీ రాత్రి దానిని మొదట కనుగొన్నవాడు పారిస్ పండితుడు గాడు. జర్మనీలో డ్రెస్డెన్ దాపున సేద్యము చేసికొను పాలిచ్ అను రైతు. మెస్సియేకు అది దాదాపు నెల తరువాతగాని చిక్కలేదు.

మన యింటి దృష్టాంతము వేరొకటి గలదు. 1901లో నవాబు జఫర్ జంగు హైదరాబాదున నెలకొల్పిన నిజామియా వేధశాల, పిమ్మట బేగంపేటకు మారి, ప్రపంచ నక్షత్రపటమునకై ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను కొలిచెను. అందు పనిచేసిన యొక సహాయకుని కుమారుడు వైను బప్పు. ఆ దూరదర్శినుల నడుమ పెరిగి, నిజాము కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో హార్వర్డుకు పోయెను. 1949 జూలై 2వ తేదీన తీసిన ఛాయాచిత్ర ఫలకమును పరీక్షించుచు అందొక యపరిచితపు గుర్తును పట్టుకొనెను. అప్పటికాయనకు 22 ఏండ్లు నిండలేదు. ఆ చుక్క నేడు బప్పు-బోక్-న్యూకిర్క్ ధూమకేతువని పిలువబడుచున్నది. ఆయన స్వదేశమునకు మరలివచ్చి తమిళనాట కావలూరు వేధశాలను నెలకొల్పెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆయన ప్రతిభను మేము తక్కువ చేయుట లేదు. కాని ఆ యొక్క చూపునకు వెనుక ఒక వేధశాల, ఒక కళాశాల, ఒక విద్యార్థివేతనము నిలిచియుండెనని మరువరాదు.

నేడు బేగంపేట చుట్టును మహానగరపు దీపములే. 2024 అక్టోబరులో త్సూచిన్షాన్-అట్లాస్ ధూమకేతువు పడమట కనబడినపుడు చీకటిగల పల్లెవాడు మిట్ట యెక్కి చూడగలిగెను. నగరవాసికి ఆ భాగ్యము దుర్లభమయ్యెను. కూడులేనివానికి చుక్కలేల యని కొంద రడుగుదురు. కూడు ముందు కావలెను, సందేహము లేదు. కాని ఆకసమునకు పన్ను లేదు, టిక్కెట్టు లేదు. పేదవానికి మిగిలిన యీ యొక్క యాస్తిని కూడ కాంతితో కప్పివేయుటకు మన కధికార మెక్కడిది?

మేము కోరునది కొండంత కాదు. పురపాలక సంఘములు వీధిదీపములకు పైన మూత వేయించి వెలుగును నేలకు దింపవలెను. ప్రతి గ్రంథాలయమును ఒక చేతి దుర్భిణిని, ఒక నక్షత్రపటమును కొనవలెను. నెలకొక అమావాస్య రాత్రి పఠనమందిర సభ్యులు బాలబాలికలను వెంటగొని ఊరి బయటకు పోవలెను. చీకటికి కన్నలవడుటకు అరగంట పట్టును. ఆ యరగంట ఓపిక పట్టించుటయే మొదటి పాఠము.

హేలీ ధూమకేతువు మరల 2061లో వచ్చును. నేడు ఓనమాలు దిద్దుచున్న బిడ్డలు అప్పటికి నడివయస్కులై యుందురు. ఆ రాత్రి వారు తలుపులు మూసికొందురో, మేడ యెక్కుదురో, అది నేటి మన పని ననుసరించి యుండును.